ముందు ఎనిమిదితో భాగిద్దాం, తర్వాత తిట్టుకుందాం

మొన్న వినాయక చవితి అయిన వారానికి మా హాస్టల్ రెండో అంతస్తు వాళ్ళం ఒక కంప్లైంట్ లెటర్ రాశాం. రాశాం అంటే, రాసింది నేనే. తెలుగు క్లబ్బులో ఉన్నందుకు ఇలాంటి పనులు నాకే తగుల్తాయి. విషయం ఇది: మా హాస్టల్‌కి ఉన్నది 300 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. నోటీసు బోర్డు మీద కూడా అదే రాసి ఉంది. మా అంతస్తులో మాత్రం అర్ధరాత్రి రెండింటికి, అందరూ పడుకున్నాక డౌన్‌లోడ్ పెట్టినా 11.3 దాటట్లేదు. 300 ఎక్కడ, 11 ఎక్కడ? ఇరవై ఏడో వంతు కూడా సరిగ్గా రావట్లేదన్నమాట.

లెటర్లో ఈ లెక్కంతా రాసి, చివర ఒక వాక్యం కలిపాను. హాస్టల్ నెట్ చూసుకునే అన్న మిగిలిన స్పీడు బయట ఎవరికో ఇచ్చుకుంటున్నాడని అనుమానంగా ఉంది, విచారించగలరు అని. 86 సంతకాలు పడ్డాయి. ఆ అన్న కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. ఆ లెటర్ ప్రిన్సిపల్ గారి టేబుల్ మీదకి వెళ్తే ఏమవుతుందో అప్పుడు మాకు తట్టలేదు.

వెళ్ళే దారిలో మా నెట్‌వర్క్స్ సార్ కనిపించారు. లెటర్ తీసుకుని చదివి, ఎర్ర పెన్నుతో ఒకే ఒక్క చోట సున్నా చుట్టారు. 11.3 దగ్గర. "దీని యూనిట్ ఏది నాయనా?" అన్నారు. ఇంటర్నల్స్‌లో యూనిట్ రాయకపోతే అర మార్కు కోస్తారు, ఆయనకి అది అలవాటే అనుకున్నాను. కానీ ఆ రోజు కోసింది అర మార్కు కాదు.

చిన్న బి, పెద్ద బి

ఇంటర్నెట్ కంపెనీలు స్పీడుని బిట్లలో చెప్తాయి. మన కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ కిటికీ బైట్లలో చూపిస్తుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు చిన్న బి అంటే బిట్, పెద్ద బి అంటే బైట్. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. ఇది తొమ్మిదో తరగతి పిల్లలకీ తెలుసు. మాకూ తెలుసు. తెలిసిన విషయాన్ని అవసరమైన చోట వాడటమే రాలేదు.

తీగ మీద పోయేవి ఒకటీ సున్నాలు కాబట్టి టెలికాం వాళ్ళు సెకనుకి ఎన్ని బిట్లు పోయాయని లెక్కపెడతారు. ఫైలు దాచుకునేది బైట్లలో కాబట్టి సాఫ్ట్‌వేర్ వాళ్ళు సెకనుకి ఎన్ని బైట్లు వచ్చాయని చూస్తారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. పాల కేంద్రంలో లీటర్లు, మిఠాయి కొట్లో కిలోలు ఉన్నట్టు.

అంటే 300 మెగాబిట్లని 8తో భాగిస్తే 37.5 మెగాబైట్లు. మేము పోల్చాల్సింది 11.3ని 300తో కాదు, 37.5తో. ఇరవై ఏడో వంతు అనుకున్నది నిజానికి దాదాపు మూడో వంతు. తక్కువే, కానీ దొంగతనం అనేంత తక్కువ కాదు.

బాబాయ్ నెట్ సెంటర్

ఆ రాత్రి ఈ సంగతి ఇంట్లో చెప్తుంటే నాన్న నవ్వి, "ఈ గొడవ మన ఇంట్లో ఇరవై ఏళ్ళ క్రితమే అయిందిరా, బాబాయ్‌ని అడుగు" అన్నారు.

మా బాబాయ్ 2001లో తణుకులో ఒక స్నేహితుడితో కలిసి నెట్ సెంటర్ పెట్టాడు. చెరి సగం పెట్టుబడి. నాలుగు కంప్యూటర్లు, ఒక టెలిఫోన్ లైను, ఒక మోడెమ్. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చిందే 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. ఆరేళ్ళకి అది తణుకు దాకా వచ్చిందని బాబాయ్ ఇప్పటికీ గొప్పగా చెప్తాడు. మోడెమ్ కొనుక్కొచ్చింది స్నేహితుడు. డబ్బా మీద 56కే అని ఉంది. డౌన్‌లోడ్ పెడితే 5.2 కేబీ చూపించేది. ఎప్పుడు చూసినా 5.2. స్నేహితుడు నాసిరకం సరుకు తెచ్చి మిగతా డబ్బులు జేబులో వేసుకున్నాడని బాబాయ్ నమ్మాడు. మాటా మాటా పెరిగింది. ఏడాది తిరక్కుండా భాగస్వామ్యం పోయింది, మాటలు కూడా పోయాయి.

నేను ఫోన్ చేసి, "బాబాయ్, 56ని 8తో భాగించు" అన్నాను.

కాసేపు ఆగి, "ఏడు" అన్నాడు. వెంటనే, "ఏడు రావాలి కదా మరి, వచ్చింది ఐదే కదరా!" అన్నాడు.

మనిషి పట్టు వదిలే రకం కాదు. మిగిలిన ఆ రెండు కేబీల లెక్క తేల్చాలంటే నేను మోడెమ్ లోపలికి వెళ్ళక తప్పలేదు. ఈ వ్యాసం అలా పుట్టింది.

బాడ్ వేరు, బిట్ వేరు

మోడెమ్ చేసే పని ఏంటంటే, బిట్లని టెలిఫోన్ తీగ మీద పోగలిగే శబ్దాలుగా మార్చడం. ఆ కీచుమనే కూత డయలప్ వాడినవాళ్ళెవరూ మర్చిపోరు. సెకనుకి ఎన్నిసార్లు ఆ సంకేతం మారుతుందో అది బాడ్. ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజినీరు ఎమిల్ బోడో పేరు మీద వచ్చిన మాట.

మొదట్లో ఒక్కో మార్పుకి ఒక్కో బిట్. 300 బాడ్ మోడెమ్ అంటే సెకనుకి 300 బిట్లే. తర్వాత ఒక్కో మార్పులో ఎక్కువ బిట్లు కూరడం నేర్చుకున్నారు. వీ.22బిస్ అనే ప్రమాణంలో 600 బాడ్, ఒక్కో దాంట్లో 4 బిట్లు, కాబట్టి 2400 బిట్లు. వీ.32లో 2400 బాడ్, 4 బిట్లు, 9600. వీ.32బిస్‌లో అదే 2400 బాడ్‌కి 6 బిట్లు, 14,400. బండి ఒకటే, ఎక్కే జనం పెరిగారు. మన ఊళ్ళ షేర్ ఆటోల లెక్క.

కాబట్టి "2400 బాడ్ మోడెమ్", "2400 బీపీఎస్ మోడెమ్" ఒకటి కావు. వైవాలో ఎక్స్‌టర్నల్స్‌కి ఇష్టమైన ప్రశ్న ఇది, గుర్తుంచుకోండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాత మోడెమ్‌లు ప్రతి అక్షరానికి ముందు ఒక స్టార్ట్ బిట్, వెనక ఒక స్టాప్ బిట్ తగిలించేవి. అంటే ఒక బైట్‌కి 10 బిట్లు. అందుకే ఆ రోజుల్లో వాళ్ళు 8తో కాదు, 10తో భాగించేవాళ్ళు. 2400 బీపీఎస్‌కి సెకనుకి 240 అక్షరాలు. తర్వాత వచ్చిన వీ.42 లాంటి ఎర్రర్ కరెక్షన్ పద్ధతుల్లో ఆ రెండు బిట్లూ ఫోన్ లైను మీదకి వెళ్ళవు. బాబాయ్ మోడెమ్ ఆ కాలందే, కాబట్టి 8 సరిపోతుంది.

56 ఎక్కడిది?

ఈ అంకె వెనక కథ నాకు బాగా నచ్చింది. మనిషి మాట కోసం టెలిఫోన్ వాళ్ళు కేటాయించింది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. ఎక్స్‌ఛేంజీలో ఆ గొంతుని సెకనుకి 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 8 బిట్లలో రాస్తారు. 8000 × 8 = 64,000. అంటే ఒక ఫోన్ కాల్ విలువ 64 కేబీపీఎస్. ఈ 64ని గుర్తుపెట్టుకోండి, చివరిదాకా మనతో వస్తుంది.

మరి మోడెమ్‌కి 64 ఎందుకు రాలేదు? ఎక్స్‌ఛేంజీ నుంచి ఇంటికి వచ్చే రాగి తీగ అనలాగ్. ఎనిమిది బిట్లలో చివరిదాన్ని దాని మీద నమ్మకంగా పంపలేరు. ఏడు బిట్లే లెక్కలోకి వస్తాయి. 8000 × 7 = 56,000. 1998లో వచ్చిన వీ.90 ప్రమాణం ఇదే. అదీ కిందకి వచ్చేటప్పుడే. ఇంటి నుంచి పైకి పంపేటప్పుడు గొంతుని మళ్ళీ అంకెలుగా మార్చాలి, అక్కడ ఇంకొంత పోతుంది. అందుకే అప్‌లోడ్ 33.6 దగ్గరే ఆగింది.

ఆ 56 కూడా లైను నిక్కచ్చిగా ఉంటేనే. అమెరికాలో అయితే లైను మీద పంపే పవర్‌కి ఉన్న నిబంధన వల్ల 53.3 దాటే వీలే లేదు. వీ.90 వేగాలు మెట్లు మెట్లుగా ఉంటాయి. లైను బాగోకపోతే ఒక్కో మెట్టూ దిగుతుంది: 52,000, 50,667, 49,333, ఇలా.

"బాబాయ్, కనెక్ట్ అయినప్పుడు కింద మూల చిన్న డబ్బాలో ఒక నంబర్ వచ్చేది, గుర్తుందా?" అని అడిగాను.

"ఎందుకు గుర్తులేదూ! 44 వేలు. వానాకాలం ఇంకా తక్కువ."

ఇక లెక్క చూడండి. 44,000ని 8తో భాగిస్తే 5500 బైట్లు. ప్రతి ప్యాకెట్‌కి అడ్రసు, వరస నంబరు లాంటి హెడర్లు ఉంటాయి. ఉత్తరంతో పాటు కవరు కూడా మోయాలి కదా. 1508 బైట్లు పోతే అందులో మన ఫైలు 1460. అంటే 96.8 శాతం. 5500లో అది 5325 బైట్లు. కంప్యూటర్ కేబీ అన్నప్పుడు 1024 బైట్లని లెక్కేస్తుంది కాబట్టి 5325ని 1024తో భాగిస్తే 5.2.

సరిగ్గా 5.2. ఆ మోడెమ్‌లో దోషం ఏమీ లేదు. తెచ్చినవాడిలో కూడా.

వెయ్యి, వెయ్యిన్నీ ఇరవై నాలుగు

పైన 1024 వచ్చింది కాబట్టి దాని సంగతి కూడా చెప్పేస్తాను. టెలికాంలో కిలో అంటే ఎప్పుడూ 1000. 56కే అంటే 56,000 బిట్లే, 57,344 కాదు. ఫైళ్ళ దగ్గర మాత్రం చాలా సాఫ్ట్‌వేర్‌లు 1024 వాడుతూ కేబీ, ఎంబీ అనే రాస్తాయి. దీనికి కిబిబైట్, మెబిబైట్ అని వేరే పేర్లు 1998లోనే పెట్టారు గానీ వాడుకలో పెద్దగా పలకరు. కిలో దగ్గర తేడా 2.4 శాతం, మెగా దగ్గర 4.9, గిగా దగ్గర 7.4. యూనిట్ పెద్దదయ్యే కొద్దీ తేడా పెరుగుతుంది. డయలప్‌లో పట్టించుకోకపోయినా ఫైబర్‌లో కనిపిస్తుంది.

ఫైబర్‌లో కూడా ఫోన్ కాలే

ఇప్పుడు రాగి తీగ వదిలి గాజు తీగ దగ్గరికి వద్దాం. అంకెలు భయపెట్టేలా ఉంటాయి గానీ వాటన్నిటి లోపల ఆ పాత 64 దాక్కుని ఉంది.

ఒక ఫోన్ కాల్ 64 కేబీపీఎస్. అలాంటివి 32 కట్ట కడితే ఈ1: 2.048 ఎంబీపీఎస్. మన దేశంలో వాడే కట్ట ఇదే. అందులో 30 మాటలకి, ఒకటి లయ తప్పకుండా చూడటానికి, ఒకటి సిగ్నలింగ్‌కి. ఇలాంటి ఈ1లు 63 పట్టే పెట్టె పేరు ఎస్‌టీఎం-1. దీని వేగం 155.52 ఎంబీపీఎస్. ఈ వింత అంకె పుస్తకంలో చూసి బట్టీ పట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. బట్టీ అక్కర్లేదు. ఒక ఫ్రేములో 9 వరసలు, 270 నిలువు గళ్ళు, మొత్తం 2430 బైట్లు. ఫ్రేములు సెకనుకి 8000. ఎందుకు 8000? గొంతుని కొలిచేది 8000 సార్లు కాబట్టి. ప్రతి 125 మైక్రోసెకన్లకి ఒక ఫ్రేము. 2430 × 64 కేబీపీఎస్ = 155.52 ఎంబీపీఎస్. అయిపోయింది.

దాన్ని 16 రెట్లు చేస్తే ఎస్‌టీఎం-16: 2488.32 ఎంబీపీఎస్. ఇప్పుడు చాలా ఇళ్ళకి ఫైబర్ వచ్చే జీపాన్ పద్ధతిలో కిందకి వచ్చే వేగం ఎంతో తెలుసా? అదే 2488.32. ఫ్రేము కాలం కూడా అదే 125 మైక్రోసెకన్లు. ఒక్కో ఫ్రేములో 38,880 బైట్లు. అంటే మీ గోడ మీద మిణుకుమిణుకుమనే ఆ ఫైబర్ డబ్బాలోకి వచ్చే వెలుగు, సరిగ్గా 38,880 ఫోన్ కాల్స్‌కి సమానం. ఎవరూ ఫోన్ కాల్ కోసం ఫైబర్ పెట్టించుకోని ఈ రోజుల్లో కూడా, సెకనుకి 8000 సార్లు అనే ఆ పాత తాళం అలాగే నడుస్తోంది.

బాడ్ కూడా ఎక్కడికీ పోలేదు. జీపాన్‌లో వెలుగు ఉందా లేదా అన్నదే సంకేతం కాబట్టి బాడూ బిట్టూ ఒకటే, 300 బాడ్ మోడెమ్‌లా. నగరాల మధ్య 100 గిగాబిట్ల లింకుల్లో మాత్రం సుమారు 28 నుంచి 32 గిగాబాడ్, ఒక్కో దాంట్లో 4 బిట్లు. అంటే వీ.22బిస్ మోడెమ్ వాడిన నాలుగే. అక్కడ శబ్దం, ఇక్కడ కాంతి.

ఇంకో పోలిక. జీపాన్‌లో ఒక ఫైబర్‌ని 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. అందరూ ఒకేసారి పూర్తిగా వాడితే 32 ఇళ్ళైతే తలా 77.76 ఎంబీపీఎస్, 64 అయితే 38.88. బాబాయ్ సెంటర్లో 44 కేబీపీఎస్‌ని నాలుగు కంప్యూటర్లు పంచుకుంటే తలా 11 కేబీపీఎస్, బైట్లలో 1.4 కేబీ కూడా లేదు. ఇంటర్ రిజల్ట్స్ రోజు బయట క్యూ ఎందుకు కదిలేది కాదో ఇప్పుడర్థమవుతోంది. సాయంత్రం నెట్ నెమ్మదిస్తే ముందు ఎంతమంది పంచుకుంటున్నారో చూడాలి, తర్వాతే అనుమానం.

ఎంత దూరం వచ్చాం

4 ఎంబీ పాట ఒకటి తీసుకోండి. 5.2 కేబీ చొప్పున 788 సెకన్లు, అంటే 13 నిమిషాల పైచిలుకు. మధ్యలో ఇంట్లో ఎవరైనా ఫోన్ ఎత్తితే మళ్ళీ మొదటికి. 300 ఎంబీపీఎస్‌లో అదే పాట సెకనులో ఎనిమిదో వంతు. 1.4 జీబీ సినిమా డయలప్‌లో 70 గంటలు దాటుతుంది, ఫైబర్‌లో 40 సెకన్లు. 300 ఎంబీపీఎస్‌ని 44 కేబీపీఎస్‌తో భాగిస్తే 6818. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోడానికి కావలసిన కనీస వేగం 2004లో 256 కేబీపీఎస్, 2013లో 512 కేబీపీఎస్, 2023 నుంచి 2 ఎంబీపీఎస్. 2004 నాటి ఆ 256 అంటే 32 కేబీ. అదే అప్పట్లో రాజభోగం.

మీ కోసం చిట్కా

కంపెనీ చెప్పిన అంకె తీసుకోండి. అది బిట్లే. హెడర్లకి 5 శాతం తీసేయండి. 8తో భాగించండి. మీ సాఫ్ట్‌వేర్ 1024 లెక్క వాడుతుంటే ఇంకో 5 శాతం దాకా తగ్గించండి. 300కి: 285, తర్వాత 35.6, తర్వాత 34. అంటే 300 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో డౌన్‌లోడ్ కిటికీ 34 చూపిస్తే మీకు ఒక్క పైసా అన్యాయం జరగలేదు.

మళ్ళీ హాస్టల్‌కి

మరి మాకు 34 రావాల్సింది, 11.3 ఎందుకు వచ్చింది? సార్ వదల్లేదు. "కింద అంతస్తులో ఎంత వస్తోంది?" అన్నారు. మేం చూడనే లేదు. వెళ్ళి చూస్తే 34. తర్వాత, "11.3ని వెనక్కి లెక్కెయ్" అన్నారు. 1.0486తో గుణిస్తే 11.85. ఎనిమిదితో గుణిస్తే 94.8. హెడర్ల 5 శాతం కలిపితే 100. అటూ ఇటూ కాకుండా సరిగ్గా వంద!

మనుషులు దొంగిలిస్తే ఇంత గుండ్రంగా రాదు. గిగాబిట్ ఈథర్నెట్‌కి కేబుల్లో నాలుగు జతల తీగలూ పనిచేయాలి. వంద మెగాబిట్లకి రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఏదైనా దెబ్బతింటే స్విచ్ మాట్లాడకుండా వందకి దిగిపోవచ్చు. సార్ నెట్ అన్నని పిలిచారు. ఆయన మెట్ల దగ్గరికి వెళ్ళి, కేబుల్ వెంట చెయ్యి పోనిస్తూ వచ్చి ఒక చోట ఆగాడు. అక్కడ ఒక ఇనప బీరువా కాలు కింద కేబుల్ నలిగిపోయి ఉంది. చవితి మండపానికి చోటు కోసం ఆ బీరువాని అక్కడికి జరిపింది మేమే. 86 సంతకాల్లో కనీసం పది మంది చేతులు దాని మీద పడ్డాయి, నావి కూడా.

అరగంటలో కొత్త కేబుల్ వేశాడు. 34 వచ్చింది. "ముందే చెప్తే అదే రోజు వేసేవాణ్ణి కదా తమ్ముడూ" అన్నాడు. లెటర్ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. సార్ దాన్ని నాకే తిరిగిచ్చేశారు. చింపలేదు, నా డేటా కమ్యూనికేషన్స్ నోట్సులో పెట్టుకున్నాను. మన పత్రిక ఆయన చదువుతాడో లేదో. చదివితే, అన్నా, క్షమించు. ఆ వాక్యం రాసింది నేనే.

బాబాయ్‌కి కూడా లెక్క మొత్తం కాగితం మీద రాసి ఫోటో పంపాను. 44,000 నుంచి 5.2 దాకా, ఒక్కో మెట్టూ. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఫోన్ చేసి, క్షేమ సమాచారాలన్నీ అడిగి, పెట్టేసే ముందు అన్నాడు: "లెక్క సరిగ్గానే ఉందిరా. వాడి నంబరే, ఇప్పుడు నా దగ్గర లేదు."

వెనక నుంచి పిన్ని గొంతు వినిపించింది. "నా దగ్గర ఉంది."